మెరుపు పోయిన ఎనభై బార్లు

1, సోమవారం

అర దొరికింది!

మోకాళ్ళ ఎత్తులో ఉంది. ఒక పక్క చీపుళ్ళు, ఎదురుగా కుక్క బిస్కెట్లు. అయినా సూపర్‌మార్కెట్‌లో అర అంటే అరే.

"దీనికి ఎనభై బార్లు పడతాయి మేడమ్. ముప్పయ్యో తేదీ సాయంత్రానికి రెండుసార్లు ఖాళీ కావాలి. కాకపోతే ఈ చోటు కొవ్వొత్తుల వాళ్ళకి ఇచ్చేస్తాను," అన్నాడు మేనేజరు. ఆయనకి నేను టై అని పేరు పెట్టాను. గదిలోకి ముందు టై వస్తుంది, తర్వాత మనిషి వస్తాడు.

రెండుసార్లేం ఖర్మ, నాలుగుసార్లు ఖాళీ చేస్తాను.

ఇంట్లో చెప్పగానే నాన్న తన షరతు కూడా తగిలించాడు. "రెండేళ్ళు చూశానమ్మా. అర నిలబడితే నీ ఇష్టం. నిలబడకపోతే ఒకటో తేదీన నా స్నేహితుడు, మా వాడి ఇన్సూరెన్స్ ఆఫీసులో చేరుతున్నావు." సరే అన్నాను. ఎంత ధీమాగా అన్నానంటే నాకే ముచ్చటేసింది.

"ఇది వెళ్ళిపోతే నీ చాక్లెట్లు ఎవరు అమ్ముతారక్కా?" అని అత్తని అడిగాడు. అత్త కోకో గింజలు ఏరుతోంది. తల కూడా ఎత్తలేదు.

"ఎవరూ అమ్మరు. చేసుకుని నేనే తింటాను."

అంటే మూసేస్తానని.

3, బుధవారం

మార్కెటింగ్‌కి ముందు కావలసింది మాట. మూడేళ్ళు కాలేజీలో కొనేవాళ్ళ మనస్తత్వం చదివి ఫస్టున పాసయ్యాను, ఊరికే కాదు. పొద్దున కూర్చుని పద్నాలుగు నినాదాలు రాశాను. అత్తకి చదివి వినిపించాను.

"అడవి గుండెచప్పుడు, మీ అరచేతిలో."

"గుండెజబ్బు మాత్రలనుకుంటారే."

"చేదు వెనక దాగిన కబురు."

"ఎవరో పోయినట్టుంది."

"ఒక్క ముక్క చాలు!"

"అయితే ఒక్కటే కొంటారు."

మిగతా పదకొండూ వినిపించలేదు.

అత్త బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు రుచి చూసే ఉద్యోగం చేసింది. ఒక బిస్కెట్ కొరికి, ఏ పొయ్యిలో ఏ షిఫ్టులో కాలిందో చెప్పేదట. అలాంటి మనిషి ముందు నినాదాలు చదవడం నాదే తప్పు.

6, శనివారం

ఆరు రోజులు. తొమ్మిది బార్లు. తొమ్మిదో బారు కొన్నాయన వెనక్కి తెచ్చాడు, కాబట్టి ఎనిమిది.

ఇవాళ ట్రే పట్టుకుని తలుపు దగ్గర నిలబడి అందరికీ ముక్కలు పంచాను. మనుషులు చాక్లెట్‌ని ఎలా తింటారో మొదటిసారి దగ్గర నుంచి చూశాను. తినరు. నమిలేస్తారు. పర్సు వెతుక్కుంటూ నమిలేస్తారు, ఫోన్లో మాట్లాడుతూ నమిలేస్తారు. మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లలో చేదు తప్ప ఇంకేమీ నాలుక మీదికి రాదు. మూడు రోజులు గ్రైండర్ రాళ్ళ మధ్య నలిగిన వస్తువు అది!

"పంచదార వేయడం మర్చిపోయారా?" అని ఒకాయన. "మందా?" అని ఒకావిడ. ఒక చంటిపిల్ల నా అరచేతిలోనే ఉమ్మేసింది. వాళ్ళమ్మ నాకే టిష్యూ ఇచ్చి, "సారీ అండీ, దీనికి చాక్లెట్ అంటే చాలా ఇష్టం," అంది. అంటే నేను పెట్టింది చాక్లెట్ కాదన్నమాట.

పర్వాలేదు. లోపం ఎక్కడుందో తెలిసింది. రుచిలో లేదు, చూపులో ఉంది. మా రేపరు చూస్తే పాత నోటుబుక్కు అట్టలా ఉంటుంది. దాన్ని చూసి నోరెవరికి ఊరుతుంది?

9, మంగళవారం

ఈ రోజు చరిత్ర పుటల్లో నిలిచిపోవాలి.

కొత్త రేపర్లు వచ్చాయి. ముదురు నీలం, మధ్యలో చిన్న కిటికీలా బొమ్మ. మా మేడ కింద ఫొటో స్టూడియో అతన్ని బతిమాలి రెండు పెద్ద లైట్లు తెచ్చాను. అత్త గింజల కోసం వెళ్ళింది, సాయంత్రం దాకా రాదు. కొత్తగా సిద్ధమైన ఎనభై బార్లనీ చేతులకి గ్లవ్స్ వేసుకుని వరసగా పేర్చాను. మెట్లు, మెట్ల మీద గోపురం, గోపురం మీద ఒక్కటే బారు ఏటవాలుగా. లైటు పడగానే ఒక్కొక్కటీ అద్దంలా మెరిసింది. మూడు గంటలు తీశాను. నాలుగు వందల ఫొటోలు.

చివర్లో పై వరస మూలలు కొంచెం వంగాయి. లైట్లు ఆర్పి కాసేపు ఉంచితే మళ్ళీ గట్టిపడ్డాయి. ఏం కాలేదు. కొత్త రేపర్లలో చుట్టేశాను. ఫొటోలో ఉన్నవే అరలోనూ ఉండాలని నా పట్టుదల. పాత రేపర్లవి వెనక్కి తెచ్చేసి రేపు ఇవే పెడతాను.

లైట్ల సంగతి అత్తకి చెప్పలేదు. చెప్పడానికి ఏముందని?

11, గురువారం

ముప్పయ్యారు!

ఒక్క రోజులో ముప్పయ్యారు. తిండి వీడియోలు చేసే ఒకతను నా గోపురం ఫొటో చూసి వచ్చి, బారు విప్పకుండా చెవి దగ్గర పెట్టుకుని ఏదో అన్నాడు, జనం ఎగబడ్డారు. ఏమన్నాడో నాకూ అర్థం కాలేదు. ఎవడిక్కావాలి?

టై తనంతట తానే ఫోన్ చేశాడు. "మేడమ్, మీవి వెళ్తున్నాయి." ఆ గొంతులో ఆశ్చర్యాన్ని రేపరులో చుట్టి దాచుకోవాలనిపించింది.

నాన్న పేపరు చాటు నుంచి, "బానే ఉంది," అన్నాడు. మా నాన్న బానే ఉంది అంటే ఇంకొకరు చప్పట్లు కొట్టినట్టు.

12, శుక్రవారం

ఇంకో ఇరవై ఒకటి. ఇన్సూరెన్స్‌కి వేరే ఎవర్నైనా చూసుకోండి.

15, సోమవారం

స్టోర్‌లో ఏసీ పనిచేయడం లేదు. ముందు అది రాసుకోవాలి. నేను వెళ్ళినప్పుడు టై మెడ దగ్గర చెమట కనిపించింది.

పొద్దున్నే రమ్మన్నాడు. కౌంటర్ దగ్గర గొడుగు పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. మా బారు విప్పి కౌంటర్ మీద పెట్టింది. నిండా తెల్లటి మచ్చలు, పాతగోడకి సున్నం పెచ్చులు లేచినట్టు.

"మా అమ్మకి తీసుకెళ్ళాను. ఎనభై ఏళ్ళావిడకి బూజు పట్టింది పెడతానా నేను?" గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అన్నా బాగుండేది.

టై అరలో మిగిలిన ఇరవై మూడూ విప్పించాడు. ఇరవై మూడూ అంతే. అట్టపెట్టెలో వేసి నా చేతికిచ్చాడు. "అమ్మినవాటిని నేను లెక్కలోకి తీసుకోలేను మేడమ్. మళ్ళీ సున్నా నుంచే. అసలు మళ్ళీ పెడతారో లేదో కూడా ఆలోచించుకోండి."

"మీ ఏసీ చూపించుకోండి ముందు," అన్నాను.

అన్నాను. బాగా అన్నాను.

16, మంగళవారం

అత్త ఒక బారు తీసి విరిచింది. చప్పుడు రాలేదు. రొట్టెముక్కలా విరిగింది. మా బారు విరిగితే టక్కుమని పక్క గదిలోకి వినపడాలి.

వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది బూజు కాదు, కొవ్వు. చాక్లెట్‌లో ఉన్న కొవ్వే పైకి తేలి పేరుకుంది. తింటే ఏం కాదు. మెరుపు పోతుంది, టక్కు పోతుంది, పరువు పోతుంది."

"ఏసీ పనిచేయడం లేదత్తా అక్కడ."

"ఏసీ లేకపోతే ఇంత కాదే. సరిగా ఆడించకపోతేనే ఇలా అవుతుంది."

ఆడించడం అంటే అత్త వెనక గదిలో చేసే పని. కరిగిన చాక్లెట్‌ని పాలరాతి బండ మీద పోసి, వెడల్పాటి ఇనప రేకుతో పరిచి, దగ్గరికి లాగి, మళ్ళీ పరుస్తుంది. మెరుపంతా, టక్కంతా అందులోంచే వస్తాయి. ఆ పని చేసేటప్పుడు మధ్యలో కర్టెన్ వేసేస్తుంది. వేడి ఎంత ఉందో చూడటానికి వేలితో కాస్త తీసి కింది పెదవికి రాసుకుంటుంది. "ఎవరైనా చూస్తుంటే నా పెదవి చెప్పేది నాకు వినపడదు," అంటుంది. రెండేళ్ళలో నేను కూడా చూడలేదు.

"అయితే తప్పు నాదే," అంది అత్త.

ఏసీ. నేను మళ్ళీ చెప్పాను.

17, బుధవారం

ఏసీయే.

18, గురువారం

అత్త థర్మామీటర్ కొనుక్కొచ్చింది.

డబ్బా విప్పి, కళ్ళజోడు పెట్టుకుని, అందులో కాగితం మొత్తం చదివింది. తర్వాత కర్టెన్ వేసుకుంది. లోపల్నించి రేకు చప్పుడు వస్తోంది, ఆగుతోంది, వస్తోంది, ఆగుతోంది. ఎప్పుడూ అలా ఆగదు.

బయటికొచ్చి, "అంకె ఒకటి చెప్తోంది, పెదవి ఒకటి చెప్తోంది," అంది. కింది పెదవి మీద చాక్లెట్ ఎండిపోయి ఉంది. తుడుచుకోలేదు. "అరవై రెండేళ్ళొచ్చాయి కదే. మొద్దుబారిందేమో."

వీడియో అతను తన వీడియో తీసేశాడు. కింద కామెంట్లు నేను చదవలేదు. నూట పన్నెండు ఉన్నాయి.

19, శుక్రవారం

నాన్న: "ఆఫీసులో నీ టేబుల్ కిటికీ పక్కనేనట."

అత్త: "ఉన్న గింజలు అయిపోగానే ఆపేద్దాం. చేతకానప్పుడు మానుకోవడంలో సిగ్గేం లేదు."

నేను వాదించకుండా లేచి వెళ్ళిపోయాను. నేను!

ఫోన్లో ఆ ఫొటో మళ్ళీ తీసి చూశాను. వేళ్ళతో పెద్దది చేశాను. గోపురం మీద ఏటవాలుగా పెట్టిన బారు కింది మూల చెవితమ్మెలా జారి ఉంది. ఫొటో తీసిన రోజు నాకు అది కనపడలేదా? కనపడింది. తర్వాత ఆ మూల ఫొటోలో లేకుండా కత్తిరించి పెట్టాను కదా.

ఏసీ బానే పనిచేస్తుంది ఆ స్టోర్‌లో. కుక్క బిస్కెట్ల దగ్గర నిలబడితే నాకు వణుకొస్తుంది.

20, శనివారం

చెప్పేశాను. పళ్ళు తోముకోకముందే చెప్పేశాను, లేకపోతే చెప్పలేనని.

"అత్తా, నీ పెదవి బానే ఉంది."

"నీకెలా తెలుసే?"

"లైట్లు పెట్టాను. ఫొటోల కోసం."

అత్త గింజల పళ్ళెం కింద పెట్టింది. "ఎన్ని?"

"రెండు. పెద్దవి."

"ఎంతసేపు?"

"మూడు గంటలు."

"కరిగాయా?"

"మూలలు వంగాయి. మళ్ళీ గట్టిపడ్డాయి. గట్టిపడ్డాయి కదా అని..."

"గట్టిపడ్డాయి కదా అని," అంది అత్త, నా మాటే నాకు తిరిగిచ్చినట్టు. గ్రైండర్‌లో రాళ్ళు తిరగడం నా తలలోనే అనిపించింది.

"నాలుగు రోజులుగా నా పెదవిని నేను తిట్టుకుంటున్నానే."

అంతే. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఏడ్చేసి బయటపడేదాన్ని. థర్మామీటర్ తీసి నా చేతిలో పెట్టింది. "జ్వరం వచ్చినప్పుడు పనికొస్తుందేమో దాచుకో." నీళ్ళు మరిగే వేడి దాకా చూపించే థర్మామీటరు అది.

తర్వాత, "ఆ ఇరవై మూడూ తీసుకురా. నువ్వు చేసిన పనేంటో చూద్దువుగాని," అని వెనక గదిలోకి వెళ్ళింది. కర్టెన్ వేయలేదు.

నేను చూశాను.

ఎలా రాయాలి దీన్ని? తెల్లబడ్డ బార్లన్నీ గిన్నెలో కరిగాయి. మచ్చలెక్కడికి పోయాయో తెలియదు. బండ మీద పోయగానే అది పారిపోవాలని చూసింది. అత్త రేకుతో అడ్డం తిరిగింది. పరిచింది, లాగింది, మడిచింది, పరిచింది. ఆ భుజాలు మా అత్తవి కావు, ఇంకెవరో పాతికేళ్ళ మనిషివి. చప్పుడు ముందు తడిగా ఉంది, తర్వాత పలచగా, తర్వాత పట్టులా అయింది. ఒక క్షణంలో చాక్లెట్ బరువు మారడం నేను కంటితో చూశాను. అత్త వేలు ముంచి పెదవికి రాసుకుని కళ్ళు మూసుకుంది. "అదిగో," అంది, ఎవరో పిలిస్తే పలికినట్టు. అచ్చుల్లో పోసింది. పావుగంటకి బోర్లించింది.

ఇరవై మూడు అద్దాలు!

పద్నాలుగు నినాదాలు రాశాను నేను. నాలుగు వందల ఫొటోలు తీశాను. అమ్మాల్సిందంతా ఈ కర్టెన్ వెనకాల ఉంది, రెండేళ్ళుగా.

22, సోమవారం

తలుపు మీద అంటించడానికి నేను రాసిన కాగితం టై రెండుసార్లు చదివాడు. రెండో సారి పెదవులు కదుపుతూ చదివాడు.

"మా చాక్లెట్ తెల్లబడింది. అది బూజు కాదు, నా తెలివితక్కువతనం. ఫొటోల కోసం లైట్ల కింద పెట్టాను. ఆదివారం పది గంటలకి మా అత్త మీ కళ్ళ ముందే దాన్ని బాగుచేస్తుంది. మీ దగ్గర తెల్లబడినవి ఉంటే తెండి."

ఇది రెండు నిమిషాల్లో రాశాను.

"మార్కెటింగ్‌లో ఇలా రాస్తారా మేడమ్?"

"మా కాలేజీలో అయితే చెప్పలేదండీ."

"బూజు అన్న మాట నా తలుపు మీద అంటిస్తారా?"

"అందరి ఫోన్లలోనూ ఉంది. తలుపు మీద ఉంటే ఏమైంది? అక్కడ కనీసం 'కాదు' అని కూడా ఉంటుంది."

టై తన టై సవరించుకున్నాడు. ఏసీ గురించి అన్న మాటకి క్షమించమని అడిగాను. అప్పుడు నవ్వాడు. ఆయనకి పళ్ళున్నాయని ఇన్నాళ్ళకి తెలిసింది. ట్రాలీల పక్కన ఒక టేబుల్ చోటు, రెండు గంటలు. గడువు మాత్రం ముప్పయ్యే. మూడు రోజుల్లో నూట అరవై.

ఇంట్లో పాత రేపర్లవి డెబ్భై రెండు, బాగుచేసినవి ఇరవై మూడు, ఈ వారం అత్త కొత్తగా చేసేవి డెబ్భై. సరిపోతాయి. అయిదు ఎక్కువే.

24, బుధవారం

అత్త రానంటోంది.

"నేనేమన్నా కోతినా, బజార్లో నిలబడి ఆడటానికి?"

రెండు రోజులుగా బతిమాలుతున్నాను. కాళ్ళు పట్టుకోబోతే కాళ్ళు మడిచేసుకుంది.

26, శుక్రవారం

నాన్న ఈ నెలంతా ఇన్సూరెన్స్ పక్షం కదా. ఇవాళ భోజనం దగ్గర ఉన్నట్టుండి, "అక్కా, నేనొకటి అడుగుతాను," అన్నాడు.

"అడుగు."

"నీ చేతి వస్తువుని బూజన్నారట. ఆఫీసులో మా వాడు కూడా అన్నాడు. నవ్వాడు కూడా."

అత్త అన్నం కలపడం ఆపింది.

"ఈ పిల్ల గెలిచినా ఓడినా నాకు ఒకటే. ఓడితే ఉద్యోగం ఉంది. కానీ ఆ మాట అలాగే ఉండిపోతే నాకు నచ్చదు."

నాన్న నోట్లోంచి ఒకేసారి అన్ని మాటలు రావడం నేను చూడలేదు. అత్త కలిపిన ముద్ద పక్కకి నెట్టి, "వస్తాను. కానీ గోడవైపు తిరిగి చేస్తాను. జనానికి నా వీపే కనపడుతుంది. ఇష్టమైతే ఉండండి, లేకపోతే లేదు," అంది.

వీపే! ఇష్టమే. మహా ఇష్టం.

28, ఆదివారం

మొత్తం రాయాలి. వరసగా రాయాలి. చేయి ఆగడం లేదు.

పాలరాతి బండని నాన్న, స్టూడియో అతను చెరో వైపు పట్టుకుని మేడ మెట్లు దించారు. ప్రతి మెట్టుకీ నాన్న, "జాగ్రత్త, జాగ్రత్త," అని బండకే చెప్పాడు. పదింటికి టేబుల్ దగ్గర ఆరుగురున్నారు. అందులో ఇద్దరు ట్రాలీ కోసం వచ్చినవాళ్ళు.

అత్త చెప్పినట్టే గోడవైపు తిరిగి నిలబడింది. చీర కొంగు బిగించి, రేకు తుడుచుకుంటూ. నేను మొదలుపెట్టాను. నా తప్పు నేనే గట్టిగా చెప్పడం ఇంత తేలికని తెలియదు. లైట్లు, గోపురం, మూడు గంటలు, వంగిన మూల, అందరి ముందూ ఏసీని తిట్టడం, అన్నీ. జనం నవ్వారు. నవ్వు విని ఇంకొంతమంది వచ్చారు. పదిహేను, ఇరవై. గొడుగు ఆవిడ కూడా వచ్చింది. బారు సంచిలోంచి తీసి పట్టుకుంది, కోర్టులో సాక్ష్యంలాగా.

అత్త కరిగిన చాక్లెట్‌ని బండ మీద పోసింది. వీపు తప్ప ఏమీ కనపడటం లేదు. వెనక నిలబడ్డ ఒక పెద్దాయన, మెడలో కళ్ళజోడు తాడు ఉన్నాయన, పక్కవాళ్ళతో చెబుతున్నాడు. "ఏదో పొడి కలుపుతారు. మెరుపంతా కెమికలే. అందుకే అటు తిరిగి చేస్తోంది."

రేకు ఆగింది.



అత్త ఇటు తిరిగింది. చాక్లెట్ పెదవి మీద అలాగే ఉంది. "ఎవరండీ అన్నది?"

పెద్దాయన వెనక్కి చూశాడు, ఎవరైనా ఉన్నారేమోనని.

"మీరే కదూ? ఇలా రండి. ముందుకి రండి బాబూ, నేనేం కొరకను. చేతులు కడుక్కొచ్చారా? ఇదిగో, ఈ డబ్బాలో ఏముంది? చూడండి. ఇందులో? గింజలు, పంచదార. ఇంకేం లేదు. ఉంటే మీరే పట్టుకోండి."

పెద్దాయన రెండు డబ్బాల్లోకీ తల పెట్టి చూశాడు. "ఏం లేదు," అన్నాడు, కొంచెం నిరాశగా.

"అయితే ఇప్పుడు మెరుపు ఎక్కడ్నించి వస్తుందో చూడండి." అని బండ పట్టుకుని, "తమ్ముడూ, దీన్ని ఇటు తిప్పండిరా!" అంది. నాన్నా స్టూడియో అతనూ టేబుల్‌ని బండతో సహా జనం వైపు తిప్పారు.

ఆ తర్వాత నేను మార్కెటింగ్ చేయలేదు. నాకు పని లేకుండా పోయింది.

గొడుగు ఆవిడ చేతిలోంచి బారు అడిగి తీసుకుంది అత్త. "మీ అమ్మగారిదేనా? దీన్ని వేరే చేస్తాను, మీది మీకే." చిన్న గిన్నెలో కరిగించి, బండ ఒక చివర పోసి, ఆడించింది. చేస్తూ మాట్లాడింది! ఇరవై ఆరేళ్ళ బిస్కెట్ల నుంచి మొదలుపెట్టి, నా పద్నాలుగు నినాదాల దాకా వచ్చింది. "గుండెచప్పుడట!" అంటే జనం పడి పడి నవ్వారు. నవ్వనీ. వేలు పెదవికి రాసుకున్నప్పుడు మాత్రం ఎవరూ కదల్లేదు. నలభై మంది నోళ్ళు మూసుకుని ఒక ముసలావిడ పెదవి ఏం చెబుతుందో అని ఎదురుచూశారు.

"అదిగో," అంది అత్త.

అచ్చు చల్లబడాలి కదా. టై తనే పట్టుకెళ్ళి పాల ప్యాకెట్ల ఫ్రిజ్‌లో పెట్టాడు. టై భుజం మీదికి వేసుకుని, రెండు చేతులతో, బిడ్డని మోసినట్టు. పావుగంట. ఒక్కరు వెళ్ళిపోలేదు. ట్రాలీ కోసం వచ్చిన ఇద్దరూ కూడా.

బోర్లించింది. పైనున్న దీపాలన్నీ అందులో కనపడ్డాయి. గొడుగు ఆవిడకిచ్చి, "విరవండి," అంది.

టక్.

ఇంత చిన్న చప్పుడుకి అంతమంది అరవడం నేనెక్కడా వినలేదు.

ఆవిడ ముక్క నోట్లో పెట్టుకోగానే, "నమలకండి!" అంది అత్త. "నాలుక మీద ఊరికే ఉంచండి. మీకేం రైలు తప్పిపోదు." ఆవిడ బుద్ధిగా నోరు మూసుకుని నిలబడింది. మేమందరం ఆవిడ ముఖాన్నే చూస్తున్నాం. ముందు కనుబొమలు ముడిపడ్డాయి. చేదు వచ్చిందని తెలుసు. తర్వాత విడిపోయాయి. తర్వాత కళ్ళు ఎక్కడో దూరంగా వెళ్ళాయి. ఎంతసేపటికో, "ఇందులో ఏదో పండు ఉంది," అంది.

"లేదు. గింజలోనే ఉంది అది. నమిలితే పారిపోతుంది."

పెద్దాయన అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చాడు. "నాకూ ఒకటి ఇవ్వండి. నమలను."

పన్నెండున్నరకి అర ఖాళీ. ఒకటో సారి.

29, సోమవారం

నలభై నాలుగు. కొన్నవాళ్ళలో పదకొండుమంది ఇంట్లో తెల్లబడ్డ బార్లు పట్టుకొచ్చారు. ముగ్గురు వేరే కంపెనీలవి తెచ్చారు, ఫ్రిజ్ వెనకాల దొరికాయట. "మీ అత్తగారు లేరా?" అని అడిగారు. అత్త ఉంది. ఎవరూ పిలవకుండానే పొద్దున పదికి వచ్చి కూర్చుంది. టై ఆవిడకి కుర్చీ వేయించాడు. వేరే కంపెనీ బారు ఒకటి వాసన చూసి, "దీన్ని బాగుచేయడం నా వల్ల కాదు, పుట్టుకలోనే పోయింది," అని మూడు అరల అవతలికి వినపడేలా చెప్పింది.

రేపటికి ముప్పయ్యారు అమ్మాలి. భయం వేయడం లేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా వేయడం లేదు.

30, మంగళవారం

నాలుగుంబావుకి అయిపోయాయి.

మోకాళ్ళ మీద కూర్చుని అర లోపలికి చూశాను. అర వెనకాల గోడ రేకు కనపడుతోంది. అంత అందమైన రేకు నా జీవితంలో చూడలేదు. టై వచ్చి పక్కన వంగి తనూ చూశాడు. "ఖాళీయే మేడమ్," అన్నాడు. రెండుసార్లూ లెక్కలోకి వచ్చినట్టు కాగితం మీద సంతకం పెట్టాడు. అర మాదే.

నాన్నకి ఫోన్ చేశాను. నాన్న తన స్నేహితుడికి చేశాడు. నాకు వినపడేలా పెట్టాడు కావాలనే. "మా అమ్మాయికి ఖాళీ లేదురా. లేదు, రేపూ లేదు. ఆ కిటికీ పక్కన నువ్వే కూర్చో. చల్లగా ఉంటుంది. ఇంకో సంగతి, మొన్న నవ్వావు చూడు, ఇప్పుడు నవ్వు." ఫోన్ పెట్టేశాక, "బానే ఉంది," అన్నాడు.

లేచి వచ్చేస్తుంటే ఎవరో ఒకతను వంగి ఆ ఖాళీ అరలోకి చేయి పెట్టి తడుముతున్నాడు.

"అయిపోయాయా?"

"అయిపోయాయండీ."

"రేపొస్తాయా?"

రేపెలా వస్తాయి? గ్రైండర్ మూడు రోజులు తిరగాలి. అత్త ఆడించాలి. ఇంట్లో మిగిలిన ఆ అయిదూ పొద్దున్నే వీధిలోవాళ్ళు పట్టుకుపోయారు. నిజం చెప్పేశాను, ఈ మధ్య అలవాటైపోయింది. "వచ్చే మంగళవారం దాకా లేవు."

వెళ్ళిపోతాడనుకున్నాను. "అయితే నా పేరు రాసుకోండి. రెండు," అన్నాడు.

కాగితం లేదు. పెన్ను ఉంది. అరచేతి మీద రాసుకున్నాను. అది చూసి పక్కనున్న ఆవిడ, "నాదీ రాయమ్మా," అంది. తర్వాత బిల్లు కౌంటర్ అమ్మాయి. తర్వాత ఎవరెవరో. ఇంటికి వచ్చేసరికి ఎడమ చేయి మోచేతి దాకా నిండిపోయింది. కొన్ని చోట్ల అడ్డంగా, చోటు లేక కొన్ని గుండ్రంగా.

అత్త తలుపు తీసి, నా చేయి పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. ముందు మణికట్టు, తర్వాత మోచేయి. కళ్ళజోడు తెచ్చుకుని మళ్ళీ చూసింది.

"ఇదేంటే, ఇక్కడ ఏడా, ఒకటా?"

"ఏడు."

"ఏడా!" అని కుర్చీ లాక్కుని కూర్చుంది. "ముందు ఇవన్నీ పుస్తకంలో ఎక్కించు. అప్పటిదాకా చేయి కడిగావంటే చంపేస్తాను."

కుడిచేత్తో రాస్తున్నాను. ఎడమ చేయి అత్త ఒళ్ళో ఉంది.